కాళ్లకు పావగడ కొండ, ఊపిరికి దారి

పావగడ ఊరు సముద్ర మట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉంది. కేదారనాథ్ గుడి 3,583 మీటర్ల దగ్గర, అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల దగ్గర, కైలాస పరిక్రమలో దాటాల్సిన డోల్మా కనుమ సుమారు 5,630 మీటర్ల దగ్గర ఉన్నాయి. మూడు వైపులా ఆంధ్ర ఊళ్లు చుట్టుకున్న ఈ కన్నడ తాలూకాలో, ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ మాట్లాడే జనం ఈ యాత్రలకు వెళ్తూనే ఉంటారు. కుర్రకారైతే ఎవరెస్టు బేస్ క్యాంపు, లద్దాఖ్ ట్రెక్కుల మాట కూడా ఎత్తుతున్నారు. బయల్దేరేముందు అందరికీ వచ్చే అనుమానం ఒకటే: అంత దూరం నడవగలమా? అడగాల్సింది ఇంకొకటుంది. ఎన్ని రాత్రుల్లో పైకి చేరుతున్నాం?

మొదటిదానికి జవాబు పావగడలోనే వెతుక్కోవచ్చు. రెండోదానికి జవాబు దారిలో తప్ప దొరకదు. కాళ్లను, గుండెను ఊళ్లో సిద్ధం చేసుకోగలం. పల్చని గాలికి మాత్రం ఒళ్లు పైకి వెళ్తూ వెళ్తూనే అలవాటు పడాలి. ప్రయాణంలో గడిచే రోజులు కూడా సన్నాహంలో భాగమేనని, అందులోనూ ముఖ్యమైన భాగమని నేను గట్టిగా నమ్ముతాను. సెలవు మిగుల్తుందని ఆ రోజులనే కోసేసుకునేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

రాతి కొండ నేర్పేది

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటే ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. బచినేపల్లి శేఖర్ బాబు శిక్షణలో వాళ్ల తొలి పాఠాలు భువనగిరి కోట రాతి మీద సాగాయి. ఆ భువనగిరి శిల, మన మధుగిరి ఏకశిల, పావగడ కోట కొండ అన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి దక్కను గ్రానైటు చుట్టాలే. భువనగిరి అయ్యాక ఆ పిల్లల్ని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు, ఆపైన లద్దాఖ్ చలిలోకి తీసుకెళ్లారు. ఆ తర్వాతే టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు. రాతి మీద కాలు నిలదొక్కుకోవడం భువనగిరి నేర్పితే, ఎత్తును ఓర్చుకోవడం హిమాలయం నేర్పింది.

మన చుట్టుపక్కల కొండలకు కొరత లేదు. పావగడ ఊరి నెత్తినే కోట కొండ ఉంది. తాలూకాలోనే ఉన్న నిడుగల్లు 1,100 మీటర్లకు పైబడిన దుర్గం. ఒకప్పుడు నిడుగల్లు చోళులు అక్కడి నుంచే ఏలారు. పక్క తాలూకాలోని మధుగిరి శిఖరం దాదాపు 1,200 మీటర్లు, కింది నుంచి పైకి ఎక్కేది సుమారు 400 మీటర్లు. ఈ 400ను గుర్తుపెట్టుకోండి. గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కు ఎక్కాల్సిన నిట్టనిలువు ఎత్తు సుమారు 1,600 మీటర్లు. అంటే ఒకే రోజులో నాలుగు మధుగిరులు, అదీ గాలి పల్చబడుతూ ఉండగా. ఈ లెక్క వేసుకుంటే ఎన్ని నెలల ముందు నడక మొదలుపెట్టాలో ఎవరికి వాళ్లకే తెలుస్తుంది. నెల రోజుల ముందు నుంచీ రోజుకు నాలుగైదు కిలోమీటర్లు నడవమని అమర్‌నాథ్ దేవస్థానం బోర్డు చెబుతుంది. చదును నేల మీద అది మంచి ఆరంభమే గానీ, కొండ దారికి అది చాలదని నా అభిప్రాయం. కనీసం మూడు నెలలు ముందుగా మొదలుపెట్టాలి, వారానికి ఒక్కసారైనా కొండ ఎక్కాలి.

ఎక్కడం గురించి అందరూ ఆలోచిస్తారు, దిగడం గురించి ఎవరూ ఆలోచించరు. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ ఒంటి బరువును పైకి నెడుతుంది. దిగేటప్పుడు మోకాలు వంగుతున్న కొద్దీ అదే కండరం సాగుతూ, సాగుతూనే బరువును ఆపాలి. ఇలా సాగుతూ పనిచేసినప్పుడు కండరపు నారల్లో కంటికి కనబడని చిన్నచిన్న చీలికలు వస్తాయి. ఆ పూట ఏమీ తెలియదు. మర్నాటికి మెట్టు దిగలేం, ఆ పైరోజుకు ఇంకా ముదురుతుంది. నాలుగైదు రోజుల ట్రెక్కులో రెండో రోజునే ఈ నొప్పి పట్టుకుంటే మిగతాదంతా నరకమే. దీనికి మందు తేలికైనదే. ఒక్కసారి బాగా దిగి ఆ నొప్పి పడ్డ కండరం తనను తాను గట్టి చేసుకుంటుంది, ఆ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. అందుకని ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు మధుగిరి నుంచో నిడుగల్లు నుంచో, భుజాన సంచీ వేసుకుని, పరుగెత్తకుండా, అడుగు అడుగునా బరువు ఆపుకుంటూ దిగి రావాలి.

ఇంకో సంగతి. ట్రెక్కంటే ఒక్క రోజు వీరత్వం కాదు. నిన్నటి అలసట తీరకముందే ఇవాళ మళ్లీ లేచి నడవడం. ఆదివారం ఒక్కటే కొండెక్కి మిగతా వారమంతా కూర్చునేవాళ్లకు ఇది అలవాటు కాదు. శనివారం పావగడ కొండ, ఆదివారం నిడుగల్లు అని జంటగా పెట్టుకుంటే రెండో రోజు కాళ్లు ఏమంటాయో ముందే తెలుస్తుంది. కొత్త బూట్లు ఎక్కడ కొరుకుతాయో కూడా ఇక్కడే తెలియాలి, అక్కడ కాదు. మన రాయి పొద్దెక్కితే పెనంలా కాగుతుంది గనుక తెల్లవారుతూనే ఎక్కడం మేలు. ఎలుగుబంట్లు తిరిగే గుట్టలు కాబట్టి చీకటుండగా ఒంటరిగా పోవద్దు.

ఎంత వేగంగా నడవాలన్నదానికి ఏ గడియారమూ అక్కర్లేదు. ఎక్కుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగం. భజన పాట ఒక చరణం ఊపిరి తెగకుండా పాడగలిగితే ఇంకా మంచిది. గుండెకు దమ్ము పెంచేది ఈ నెమ్మది నడకే.

రక్తం సంగతి చాలామంది మర్చిపోతారు. పైకి వెళ్లాక ఒళ్లు కొత్త ఎర్ర కణాలు తయారు చేయాలంటే ఇనుము ఉండాలి. 15 నుంచి 49 ఏళ్ల వయసు మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత తేల్చింది. మనం రాగి సంగటి తింటాం గనుక ఇనుముకు లోటుండదనుకోవడం పొరపాటు. రాగుల్లో ఇనుముతోపాటు దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు కూడా ఉంటాయి. నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే కొంత మెరుగు. మూడు నెలల ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు చేయించుకుంటే, లోటుంటే డాక్టరు సలహాతో పూడ్చుకునే వ్యవధి ఉంటుంది. వారం ముందు చేయించుకుంటే కాగితం మిగుల్తుంది, అంతే. పావగడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది తెలిసిందే. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి నడుము, మోకాళ్లు బిగుసుకుంటున్న పెద్దవాళ్లు కొండ దారి పట్టేముందు ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించుకోవడం అవసరం.

రైల్లో రెండు రాత్రులు

హిందూపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు రాత్రులు గడిచాక ఢిల్లీ. ఆ రైలు ఎత్తుకు అలవాటు చేయదు. ఢిల్లీ మన పావగడ కంటే కిందే ఉంది. అయినా ఆ రెండు రాత్రుల్లో మూడు నెలల కష్టాన్ని పాడు చేసుకోవచ్చు, కాపాడుకోనూ వచ్చు. గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లో రక్తం నిలిచిపోతుంది. పిక్కల కండరాలు బిగుసుకున్నప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని గుండెవైపు తోస్తాయి. కాబట్టి గంటకోసారి లేచి బోగీ ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం, తలుపు దగ్గర నిలబడి మడమలు ఎత్తి దించడం అలసట తీర్చే పనులే. రైలు ఎక్కువసేపు ఆగే స్టేషన్లలో ప్లాట్‌ఫాం మీద నాలుగు అడుగులు వేయొచ్చు. కొత్తగా కసరత్తులు మొదలుపెట్టే సమయం మాత్రం ఇది కాదు. చివరి వారంలో ఎంత ఎగబడినా దమ్ము పెరగదు, కండరాలు మాత్రం అలసిపోతాయి.

తిండి విషయంలో ఇంటి నుంచి తెచ్చుకున్నదే శ్రేష్ఠం. పులిహోర, చిత్రాన్నం మొదటి రోజుకు. శెనక్కాయ ఉండలు, నిప్పట్లు ఆ తర్వాత. దారిలో పట్టుకున్న ఒక్క విరేచనాల జబ్బు ఒంట్లో నీటిని ఖాళీ చేసి, కొండ మొదలు చేరేసరికే మనిషిని కుంగదీస్తుంది. చేతులు కడుక్కోవడం, నమ్మకమైన నీళ్లు తాగడం, ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గర పెట్టుకోవడం మర్చిపోవద్దు. ఒక చిన్న పుస్తకం కూడా ఉండాలి. రోజూ పొద్దున లేవగానే, మంచం దిగకముందే, నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రాసుకోవాలి. పావగడలో మీ నాడి ఎంత, ఢిల్లీలో ఎంత, కేదారనాథ్ దారిలోని గుప్తకాశీలో ఎంత అన్నది మీ చేతిరాతలో ఉంటే, పైన అది ఒక్కసారిగా ఎగబాకినప్పుడు ఒంట్లో ఏదో తేడా ఉందని ముందే పట్టుకోవచ్చు.

పడుకునే ఎత్తు

గాలిలో ఆక్సిజన్ పైకి పోయేకొద్దీ తగ్గుతుందంటారు. శాతం తగ్గదు. పావగడలోనూ ఎవరెస్టు మీదా అది దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రతీరంతో పోలిస్తే పావగడలో అది సుమారు 93 శాతం, నిడుగల్లు మీద 87, లేహ్‌లో 65, డోల్మా కనుమ దగ్గర దాదాపు సగం. అక్కడ ఒక్కో ఊపిరికీ లోపలికి వెళ్లే ఆక్సిజన్ కూడా సగమే. 1,500 మీటర్లు దాటాక ప్రతి 100 మీటర్లకూ మన శ్రమశక్తి ఇంచుమించు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. పావగడ కొండను చెమట పట్టకుండా ఎక్కిన మనిషి 5,000 మీటర్ల దగ్గర పది అడుగులకోసారి ఆగడం బలహీనత కానే కాదు.

మెడలో, రక్తనాళాలు చీలే చోట, కెరోటిడ్ బాడీలనే బియ్యపుగింజంత కణుపులున్నాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గిన క్షణాన్నే అవి మెదడుకు కబురంపుతాయి, ఊపిరి వేగం పెరుగుతుంది. వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అప్పుడు మెదడు 'ఇక చాలు, నెమ్మదించు' అంటుంది. ఒక పక్క ఆక్సిజన్ కావాలి, ఇంకో పక్క ఊపిరి తగ్గించాలి. ఈ తగాదా తీర్చేవి మూత్రపిండాలు. బైకార్బనేట్‌ను మూత్రంలోకి వదిలి రక్తాన్ని మళ్లీ దారికి తెస్తాయి. ఎత్తుకు చేరిన మొదటి రోజుల్లో మాటిమాటికీ ఒంటేలుకు లేవాల్సి రావడం అందుకే. అది మంచి సూచన. ఈ పని ఒక్క రాత్రిలో తెమలదు, కొన్ని రోజులు పడుతుంది. రాత్రిళ్లు ఊపిరి కాసేపు వేగంగా ఆడి, కొన్ని క్షణాలు ఆగి, మళ్లీ ఎగదన్నడం కూడా ఈ తగాదా ఫలితమే. పక్కన పడుకున్నవాళ్లు హడలిపోతారు గానీ పైన చాలామందికి అలా జరుగుతుంది.

ఇంతకంటే లోతుగా, కణం లోపల, ఆక్సిజన్ కొరతను పసిగట్టే హెచ్ఐఎఫ్ అనే ప్రోటీన్ ఉంది. ఆక్సిజన్ దండిగా ఉన్నప్పుడు పుట్టింది పుట్టినట్టే చెరిగిపోతుంది, కొరత రాగానే నిలబడి ఎరిత్రోపొయిటిన్ తయారయ్యేలా చేస్తుంది. ఎముక మజ్జ ఆ సంకేతం అందుకుని ఎర్ర కణాలు పెంచుతుంది. ఈ మర్మం విప్పినందుకే విలియం కెలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో వైద్య నోబెల్ వచ్చింది. సంకేతం గంటల్లోనే మొదలైనా కొత్త కణాలు చెప్పుకోదగ్గంతగా పెరగడానికి వారాలు కావాలి. పదిరోజుల యాత్రలో మనల్ని కాపాడేవి ముఖ్యంగా ఊపిరి, మూత్రపిండాలే.

ఈ జ్ఞానం మన దేశానికి చాలా ఖరీదుగా వచ్చింది. 1962 యుద్ధంలో మైదానాల నుంచి జవాన్లను హడావిడిగా హిమాలయాలకు తరలించారు. తలనొప్పి, వాంతులు, ఊపిరితిత్తుల్లో నీరు, మెదడు వాపు. ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల కేసుల్ని పరిశీలించి 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన పత్రాన్ని ప్రపంచమంతా నేటికీ ప్రస్తావిస్తుంది. మన సైన్యం ఇప్పుడు మెట్టు మెట్టుగా ఎక్కిస్తుంది: 2,700 నుంచి 3,600 మీటర్ల మధ్య ఆరు రోజులు, 4,500 దాకా ఇంకో నాలుగు, ఆ పైకి మరో నాలుగు. ఇరవై ఏళ్ల జవానుకే ఇంత వ్యవధి ఇస్తుంటే, యాభై దాటిన యాత్రికుడు ఒక్క పూటలో ఎలా అలవాటు పడతాడు? పైగా ఒంటి దారుఢ్యం ఎత్తు జబ్బును ఆపదు. గట్టి కాళ్లున్న కుర్రాడు వేగంగా పైకి చేరతాడు గనుక ఒక్కోసారి వాడికే ముందు వస్తుంది.

సామాన్య ట్రెక్కరుకు వైద్యులు చెప్పే సూత్రం: 3,000 మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటి కంటే ఇవాళ పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఉన్నచోటే ఇంకో రాత్రి ఉండాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లొచ్చామన్నదానికంటే రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే లెక్క. ఎవరెస్టు బేస్ క్యాంపు దారిలో 3,440 మీటర్ల నామ్చే బజారులో రెండు రాత్రులు, 4,410 మీటర్ల డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఉంచేది ఇందుకే. లిపులేఖ్ దారిన కైలాసానికి వెళ్లేవాళ్లను సుమారు 3,200 మీటర్ల గుంజిలో ఆపి, ఢిల్లీలో చేసిన వైద్య పరీక్షను అక్కడ మళ్లీ చేస్తారు. ఢిల్లీలో నెగ్గినవాళ్లు కొందరు గుంజిలో ఆగిపోవాల్సి వస్తుంది. ఆ నిబంధన మీద కోపం తెచ్చుకోవద్దు, అది ప్రాణం కోసం పెట్టింది.

దారి ఎంచుకోవడంలోనే సగం జాగ్రత్త ఉంది. ఢిల్లీలో విమానమెక్కితే గంటన్నరలోపే 3,500 మీటర్ల లేహ్‌లో దిగుతారు. అలా వెళ్తే కనీసం రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా విశ్రాంతి తీసుకోవాలి. రోడ్డు ప్రయాణమంటే దానంతటదే నెమ్మది అనుకోవద్దు. మనాలి దారిలో రెండు రోజుల్లో లేహ్ చేరాలని తొందరపడితే మధ్య రాత్రి 4,290 మీటర్ల సర్చులో గడపాల్సి రావచ్చు. మనాలి 2,050 మీటర్లే. ఒక్క రోజులో అంత ఎత్తుకు పోయి పడుకోవడం ప్రమాదం. శ్రీనగర్ దారి నయం. జోజీలా కనుమ దాటినా రాత్రి 2,700 మీటర్ల కార్గిల్‌లో పడుకోవచ్చు. నన్నడిగితే వెళ్లేటప్పుడు శ్రీనగర్ మీదుగా, వచ్చేటప్పుడు మనాలి మీదుగా రమ్మంటాను. కేదారనాథ్ వెళ్లేవాళ్లు హరిద్వార్ నుంచి ఒక్క ఊపున కాకుండా గుప్తకాశీలో ఒక రాత్రి, సోన్‌ప్రయాగ్‌లోనో గౌరీకుండ్‌లోనో మరో రాత్రి ఉండి మొదలుపెడితే చాలా తేడా ఉంటుంది. హెలికాప్టరులో వెళ్లేవాళ్లకు నడక తప్పుతుంది గానీ ఎత్తు తప్పదు. దర్శనం కాగానే దిగి రావడం మేలు.

ప్రయాణాన్నే సన్నాహంగా మార్చుకున్న తెలుగువాడు మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘంలో పుట్టిన ఆయన 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలుపెట్టి, జూలై 10న అలాస్కాలోని డెనాలితో ముగిస్తూ 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కారు. ఎవరెస్టు మే 21న, ఎల్బ్రస్ జూన్ 13న. ఖండాల మధ్య తిరుగుతూ ఒక కొండ నుంచి ఇంకో కొండకు ఒంటిని సిద్ధంగా నిలుపుకోవడం మామూలు విషయం కాదు, ఎందుకంటే కిందికి దిగాక ఊపిరి నేర్చుకున్న అలవాటు ఒకటి రెండు వారాల్లో కరిగిపోవడం మొదలవుతుంది. అంతటి మనిషినీ 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలు తీసుకున్నాయి. ఆయన పేరు తలచుకున్నప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

కర్పూరం, మాత్ర, వేలి పరికరం

మనవాళ్లు కొండ యాత్రలకు కర్పూరం మూట కట్టుకెళ్లి వాసన పీలుస్తారు. నిజంగానే హాయిగా ఉంటుంది. కర్పూరం ముక్కులోని నరాలను తట్టి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపింపజేస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ను రవ్వంత కూడా పెంచదు. పీలిస్తే తప్పులేదు, దాన్ని నమ్ముకుని పైకి పోతేనే ముప్పు. దారిలో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొద్ది నిమిషాలకు ఖాళీ అవుతాయి.

వేలికి తొడిగే ఆక్సీమీటరు మంచి తోడే, కానీ దాని అంకె చూసి బెంబేలెత్తొద్దు. లేహ్ ఎత్తులో 90 అటూ ఇటూ చూపడం ఆరోగ్యవంతులకూ మామూలే. తలనొప్పి, వికారం లాంటివి లేకుండా అంకె మాత్రమే తక్కువుంటే కాసేపు కూర్చుని, చెయ్యి వెచ్చబెట్టుకుని మళ్లీ చూడండి. అసిటజోలమైడ్, అంటే డయామాక్స్ మాత్ర, మూత్రపిండాలు చేసే ఆ బైకార్బనేట్ పనినే తొందర చేస్తుంది. అందుకే వేళ్లు చిమచిమలాడతాయి, ఒంటేలు ఎక్కువవుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లున్నారు, కొన్ని జబ్బులకు అది వద్దు. కాబట్టి ఊళ్లోనే డాక్టరును అడిగి తీసుకోవాలి. మద్యం, నిద్రమాత్రలు రాత్రి ఊపిరిని మందగింపజేస్తాయి, పైన రెండూ వద్దు.

ఎండ మనకు కొత్తా అనుకోవద్దు. ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాలు పదోవంతు దాకా పెరుగుతాయి, తాజా మంచు వాటిని 80 శాతం వరకు తిరిగి మొహం మీదికి కొడుతుంది. నల్లద్దాలు లేకపోతే ఒక్క పగట్లో కళ్లు వాచి మూసుకుపోతాయి. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది గనుక ఒక్క మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకునే బట్టలు నయం.

పైకి చేరిన కొన్ని గంటలకు తలనొప్పి, దాంతోపాటు వికారమో, నీరసమో, కళ్లు తిరగడమో ఉంటే ఎత్తు జబ్బు అనుకోవాలి. అక్కడే ఆగాలి. మర్నాటికి తగ్గితే ముందుకు, ముదిరితే కిందికి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, పెదాలు నీలంగా మారడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న గుర్తులు. ఇది తరచు రెండో రాత్రి బయటపడుతుంది. ఒక గీత మీద మడమకు వేళ్లు ఆనిస్తూ నడవమంటే తూలుతున్నారంటే మెదడు వాస్తోంది. ఈ రెండింట్లో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకుండా, దారి అనుమతిస్తే అర్ధరాత్రయినా, కనీసం 300 నుంచి 1,000 మీటర్లు కిందికి దింపాలి. మందులన్నీ ఆ తర్వాతే. ఎవరికి బాగాలేకపోతే ఎవరు తోడు దిగాలో బయల్దేరకముందే జతలుగా అనుకుని ఉండాలి. ఆ తోడు దిగే మనిషికి తన దర్శనం పోతుంది, అది ముందే ఒప్పుకుని ఉండాలి. జబ్బుపడ్డ మనిషిని ఒంటరిగా దిగమని పంపకూడదు. మెదడు వాచినవాళ్లకు తమకు బాగాలేదన్న సంగతే తెలియదు, 'నాకేం కాలేదు, మీరు పదండి' అనే అంటారు.